సుందర్రావు గారి జపాను పత్రికలు

జిరాక్సు షాపులో కాగితాల కట్ట మీద కత్తి దిగిన చప్పుడు వింటే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. రాజమండ్రిలో ఒక ప్రెస్సులో పాతికేళ్ళు బైండింగు పని చేశాను. ఆ చప్పుడే నాకు అన్నం పెట్టింది. ఒక్కసారి మాత్రం దానివల్ల గుండె ఆగినంత పనైంది.

సుందర్రావు గారు మా ప్రెస్సులో ఆర్టిస్టు. శుభలేఖలకు, పచ్చడి సీసాల లేబుళ్ళకు, ఒక మాసపత్రికలో కథల పేర్లకు అక్షరాలు గీసేవారు. ఆయన దగ్గర కొన్ని పాత జపాను పత్రికలు ఉండేవి. కాకినాడ రేవులో పనిచేసిన వాళ్ళ బావగారికి ఓడవాళ్ళు ఇచ్చి వెళ్ళినవట. ఒక అట్ట మీద పెద్ద ఎర్రటి గుండ్రం, కింద మూలన గొడుగు పట్టుకున్న చిన్న మనిషి, అంతే. ఇంకొకదాని మీద మూడే మూడు రంగు ముక్కలతో ఆడమనిషి ముఖం. ఏదైనా కొత్తగా గీసే ముందు ఆయన వాటిలో ఒక పేజీ తెరిచి, అలాగే చూస్తూ కూర్చునేవారు.

చెదలు పట్టి వాటి కుట్లు ఊడిపోతే, అన్నీ కలిపి ఒక పుస్తకంగా కట్టమని నాకిచ్చారు. నాకు చదువు రాదన్న సంగతి ప్రెస్సులో ఎవరికీ తెలియదు. అంకెలు వచ్చు కాబట్టి పేజీల వరస పెట్టేదాన్ని. ఎవరైనా ఏదైనా చదవమంటే పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేదాన్ని. తెలిస్తే తీసేస్తారని భయం. నలభై దాటిన వయసులో, ఇంట్లో నా జీతమే ఆధారం.

కుట్టాక చూస్తే అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పక్కనంతా తెల్ల కాగితమే, దండగ అనిపించింది. రెండు వేళ్ళ వెడల్పున కోసేశాను.

సుందర్రావు గారు పుస్తకం తెరిచి, ఆ అట్ట దగ్గర ఆగారు. ఎర్రటి గుండ్రం అంచుకు ఆనుకుని, ఊపిరాడనట్టు ఉంది.

"ఈ పక్కన నిలువుగా సన్నటి అక్షరాలుండాలి. ఏవి?"

"అక్షరాలా అండి? మరకలనుకున్నానండి."

"ఇన్నేళ్ళు ప్రెస్సులో ఉండి, మరకకీ అక్షరానికీ తేడా తెలీదా మంగా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ కోసిన అంచును ఆయన వేళ్ళు తడుముతున్నాయి.

"నాకు మన అక్షరాలే రావండి. ఏ భాషవైనా నాకవి మరకలే."

ఆయన పుస్తకం మూసి, కోసిన ముక్కల బస్తా తెమ్మన్నారు. ఇద్దరం నేల మీద కూర్చుని పీలికలు వెతికాం.

"యుద్ధంలో ఊళ్ళు తగలబడి, కాయితానికి కూడా కరువు చూసినోళ్ళమ్మా వీళ్ళు," అన్నారు ఒక పీలిక సాపు చేస్తూ. "అలాంటోళ్ళు సగం పేజీ ఖాళీగా వదిలారంటే, దండగకి వదుల్తారా?"

నేను ఇంకో పీలిక తీసి అందించాను. ఆయన అది అందుకుని అన్నారు.

"ఇందులో ఒక్క ముక్క నేనూ చదవలేను. ముప్ఫై ఏళ్ళుగా చూస్తన్నానంతే. రేపట్నుంచి అన్నాలయ్యాక నా బల్ల దగ్గరికి రా. ఓనరు గారికి నేనేం చెప్పన్లే."

"ఈ వయసులోనా అండి?"

"చెయ్యి వణక్కుండా బానే కోశావుగా. ఆ చెయ్యి చాలు."

ఆయన బళ్ళో చెప్పినట్టు చెప్పలేదు. మొదటి రోజు ఒక్క అక్షరం పెద్దగా గీసి, దాని కడుపులో మిగిలిన తెలుపు ఏ ఆకారంలో ఉందో చెప్పమన్నారు. గింజలా ఉందన్నాను. ఆ గింజను గుర్తుపెట్టుకుంటే అక్షరం గుర్తుంటుందన్నారు. అలా ఏడాదికి కథల పేర్లు కూడబలుక్కుని చదవగలిగాను. దొరికిన పీలికలు అతికించాం. దొరకనివాటి పేజీలు అలాగే ఉండిపోయాయి. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన పోయాక ఆ పుస్తకం ఎవరి చేతికి వెళ్ళిందో నాకు తెలియదు.

మొన్నామధ్య బ్యాంకులో ఒకావిడ నా పక్కకు వచ్చి ఫారం ఇచ్చింది.

"కళ్ళజోడు మర్చిపోయానండి. కాస్త నింపి పెడతారా?"

ఆవిడ ముక్కు మీద కళ్ళజోడు ఆనిన గుర్తు లేదు. నేనేమీ అడగలేదు. ఫారం ఆవిడకు కనపడేలా తిప్పి పెట్టి, పేరు అడిగి, అక్షరానికీ అక్షరానికీ మధ్య చోటు వదులుతూ మెల్లగా రాశాను.

"మీ పేరేనండి," అన్నాను.

ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ వినడం లేదని నమ్మకం కుదిరాక మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"ఇదేంటండి?" అంది.