నాలుగు గంటల సైరన్ సిద్ధాంతం

నేను బి.ఎస్సీ. చదివిన మాట నిజం. ఆ చదువుతో నా కాపురాన్ని రెండు ఊళ్ళకు చీల్చబోయిన మాటా నిజం. ఈ రెండోది నేనే చెప్పుకుంటే కాస్త పరువుగా ఉంటుంది. మా అత్తమ్మ చెబితే మందమర్రి అంతా వింటుంది.

అప్పటికి మా బాబుకు ఆరో నెల. రోజంతా బుద్ధిమంతుడే. సాయంత్రం నాలుగింటికి బొగ్గుబాయి సైరన్ మోగిందా, వెనకే వీడి ఏడుపు. మామూలు ఏడుపా? షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు మా గుమ్మం ముందు ఆగి, "ఏమైందమ్మా?" అని అడిగి పోయే ఏడుపు. అరగంటకు దానంతటదే తగ్గేది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించేది కాదు. డాక్టరు చూసి, "పిల్లవాడు బాగున్నాడు. మీరే చిక్కిపోయారు" అన్నాడు.

"దిష్టి తగిలింది పిల్లా. జర ఉప్పు తిప్పి తీసేస్త" అన్నది అత్తమ్మ.

"తీసినా ఏడిస్తే?"

"పెద్ద దిష్టి అన్నట్టు."

"ఏడవకపోతే?"

"పోయినట్టు."

నేను చిన్నగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. "అత్తమ్మా, ఏది జరిగినా నిజమయ్యే మాట సైన్సు కాదు. తప్పని తేలడానికి కూడా దానికి ఓ దారి ఉండాలె" అన్నాను, మా కాలేజీ లెక్చరర్ అంత ఠీవిగా. "అసలు కారణం సైరన్. లేత చెవులు తట్టుకోలేవు."

"గీ క్వార్టర్ల లైన్ల ఇంటికొక పిల్లగాడు ఉన్నడు. వాళ్ళకు చెవుల్లేవా?"

"మన బాబు చెవులు సున్నితం."

రుజువు కోసం నోటుపుస్తకం పెట్టాను. తేదీ, సైరన్, ఏడుపు. వరసగా పన్నెండు రోజులు సైరన్ మోగింది, బాబు ఏడ్చాడు. పదమూడో రోజు మోగింది, ఏడవలేదు! నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. తరువాత "గాలి అటువైపు వీచింది" అని రాసి, అత్తమ్మకు గర్వంగా చదివి వినిపించాను కూడా. గాలి ఎటు వీచిందో బయటికి వెళ్ళి చూశావా అని మాత్రం అడగకండి.

ఇక మిగిలింది ఒక్కటే. బాబును తీసుకుని సుల్తానాబాదులో మా పుట్టింటికి, బాపు దగ్గరికి పోవడం. వాడికి మూడేళ్ళు నిండేదాకా.

"మూడేండ్లా?" మా ఆయన చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. "గప్పటిదాక ఆడుంటే వాడు నన్ను చూసి మామా అంటడేమో! షిఫ్టు దిగంగనే వాని మొఖం చూడాలని ఉరికొస్తున్న నేను."

"వాడి చెవులకంటే ఎక్కువా?" అన్నాను. ఆయన ముద్ద కంచంలో పెట్టేసి లేచారు. నేను ట్రంకుపెట్టె సర్దాను. ఎల్లుండి ప్రయాణం.

మరునాడు ఏ కారణం చేతనో నాలుగింటి సైరన్ మోగలేదు. నేను గడియారం చూసి, రోజూ లాగే బాబుకు ఉన్ని టోపీ తొడిగి, గడ్డం కింద ముడివేసి, వాళ్ళ నాన్నకు ఎదురు వెళ్ళడానికి ఎత్తుకున్నాను. హాస్టల్లో నేర్చిన అల్లిక అది. చలికి, బొగ్గు దుమ్ముకు కవచం. ఆ వేళకు అత్తమ్మ ఎప్పుడూ నల్లా దగ్గర ఉండేది. సైరన్ వింటేనే బిందె ఎత్తే మనిషి. అది వినబడలేదు కనుక ఆ రోజు ఇంట్లోనే కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

బాబు గుక్కపట్టి ఏడ్చాడు.

"సైరన్ మోగలే గదనే?"

"అలవాటు అత్తమ్మా. వేళయిందని చెవులకు తెలిసిపోయింది."

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మోగితే మోగిందని ఏడ్చిండు. మోగినా ఏడ్వకుంటే గాలి. మోగకుండ ఏడిస్తే అలవాటు. మరి నా దిష్టికి, నీ సైరన్‌కు ఏం ఫరక్ ఉన్నదే?"

నేను నోటుపుస్తకం వైపు చూడకుండా బాబు టోపీ ముడి సరిచేశాను.

"ఇప్పుడు నేనొకటి చెప్త విను. ఆ టోపీ తియ్యి. తీసినంక గూడ ఏడిస్తే నాదే తప్పు. ఇగ ఎన్నడు గీ ఇంట్ల దిష్టి పేరే ఎత్తను."

తీశాను. ఏడుపు ఆగింది.

"ఒక్కసారికే నమ్ముతవా? మళ్ళ పెట్టు."

పెట్టాను. రాగం మొదలు. తీశాను. ఆగింది. మూడోసారి టోపీ చేతిలోకి తీసుకోగానే బాబు నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూశాడు. చెవుల వెనుక చర్మం ఎర్రగా కంది ఉంది. ఇన్నాళ్ళూ చెవి లోపలికి తొంగిచూస్తూ కూర్చున్న నేను వెనుక ఏముందో చూడనే లేదు. రోజూ అరగంటకు ఏడుపు తగ్గేదీ మేం తిరిగొచ్చి టోపీ తీసినప్పుడే. పదమూడో రోజు గాలి అటు వీచిందో లేదో గాని, టోపీ మాత్రం ఉతికి దండెం మీద ఆరేసి ఉంది.

మా ఆయన వచ్చేసరికి ట్రంకుపెట్టె ఖాళీ. బాబు టోపీ లేని తలతో కిలకిల నవ్వుతున్నాడు.

"పోతలేరా?" అన్నారాయన, నమ్మలేక. "మరి వాని చెవులు?"

"చెవులకేం కాలే కొడుకా" అన్నది అత్తమ్మ. "నీ పెండ్లాం సైన్సుకు జర గట్టిగ ముడేసింది. ఇప్పేసినం."

కనుక చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సిద్ధాంతం ప్రకటించినా, ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటానో ముందుగా అత్తమ్మతో చెప్పి, ఆ తరువాతే నోరు తెరుస్తాను. నిన్నటి నుంచి బాబు తుమ్ముతున్నాడు. ఎందుకో నాకు స్పష్టంగా తెలుసు. అయినా పెదవి బిగబట్టుకుని, అత్తమ్మ నిద్ర లేచేదాకా ఆగుతున్నాను.