రెండో మందు

ఇప్పటికీ తడి సున్నం వాసన తగిలితే నాకు ఒళ్ళు మండుతుంది. అందరికీ ఆ వాసనతో పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం మా గోడ మీది ఐదు ఎర్ర టిక్కులు గుర్తొస్తాయి.

ఎనభైల మొదట్లో మాట. టీచరు ట్రైనింగు అయిపోయి పోస్టింగు కోసం ఎదురుచూస్తున్న నేను, ఆ ఏడు అమ్మతో మిరపకాయల కోతలకు వెళ్ళాను. నాన్న అప్పటికే లేడు. ఇంటికి తాళం వేసి, గిన్నెలూ దుప్పట్లూ మూటగట్టుకుని, ముఠాతో ఊరూరా తిరగడం అమ్మకు ఏటా ఉన్నదే. బయల్దేరే ముందురోజు అమ్మకు చలిజ్వరం వచ్చింది. పదిహేను రోజులకోసారి ఇల్లిల్లూ తిరిగే సర్కారు మలేరియా ఆయన ఆ రోజే వచ్చాడు. అమ్మ వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం పూసుకుని, నాలుగు తెల్ల మాత్రలు ఇచ్చాడు. వచ్చినట్టు గుర్తుగా తలుపు పక్క గోడ మీద గేరుతో, అదే ఎర్రమట్టి రంగుతో, తేదీ వేశాడు.

"ఇయ్యి జ్వరాన్ని దించుతయ్యంతే. రక్తంలో మలేరియా ఉందని తేలితే రెండో మందు ఇస్తాం. ఐదు రోజులు వరసగా మింగాలి. మింగకపోతే జ్వరం మళ్ళీ మళ్ళీ తిరగబెడద్ది" అన్నాడు.

ఎంత వివరంగా చెప్పాడో అనుకున్నాను. ఆ మనిషి మీద గౌరవం కూడా కలిగింది. తలచుకుంటే సిగ్గేస్తుంది.

జ్వరం దిగింది. పెదకాకాని అవతల ఒక ఊళ్ళో కోతలో దిగాం. నెల తిరిగేసరికి అమ్మ మిరప చాళ్ళ మధ్య కూలబడి వణికిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో గోనెపట్టా కప్పమని అడిగింది. ఆ ఊరి మలేరియా ఆయన వచ్చాడు. మళ్ళీ వేలు పొడిచాడు, మళ్ళీ అవే నాలుగు తెల్ల మాత్రలు తీశాడు.

"అయ్యి మింగిందండీ. ఇప్పుడు రెండోవి కావాలి" అన్నాను.

"రక్తం ఫలితం ఎక్కడుందమ్మా?"

"మా ఊళ్ళో ఉంటదండీ."

"అయితే మాత్రలూ మీ ఊళ్ళోనే ఇస్తారు."

కోత మధ్యలో వదిలి వెళ్తే ముఠా మేస్త్రి మరుసటేడు పిలవడని అమ్మ కదల్లేదు. నేనైనా బస్సెక్కి వెళ్ళి ఆ మాత్రలు తెచ్చి ఉండాల్సింది. వెళ్ళలేదు. అందరినీ తిట్టుకుంటూ వచ్చాను గానీ, ఆ పని చేయనందుకు నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

తర్వాత మార్టూరు దాటి ఇంకో ఊరు వెళ్ళాం. అమ్మకు మూడోసారి జ్వరం వచ్చింది. ఆ ఊరి ఆర్ఎంపీ డాక్టరు తెల్ల మాత్రలు పనికిరావంటూ ఏదో సూదిమందు వేశాడు. పేరేమిటంటే "స్ట్రాంగ్ మందు" అన్నాడు. మర్నాడు అక్కడి మలేరియా ఆయన వచ్చి, సూదిమందు వద్దని చెప్పి, రక్తం తీయడానికి అమ్మ వేలు పట్టుకున్నాడు. నాకు తిక్క రేగింది.

"ఎన్ని ఊళ్ళలో పొడుస్తారండీ? ఊరు మారితే ఆమె రక్తం మారుద్దా?" అని అరిచాను.

కోత కూలీలంతా మా వైపు చూశారు. "ఊరుకోవే! నలుగురిలో నా పరువు తియ్యమాక" అని అమ్మ నన్నే కసిరి, బుద్ధిగా వేలు చాపింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది సర్కారు వాలకం. మందు మా ఊళ్ళోనే ఉంది, మేము మాత్రం ఊళ్ళో లేము.

కోతలు ముగిసి ఇల్లు చేరాం. తాళం తీయబోతూ గోడ చూశాను. పాత తేదీ కింద ఐదు టిక్కులు, ఒక్కోదాని కింద ఒక్కో తేదీ ఉన్నాయి. ఆ ఐదు రోజులూ మా తలుపుకు తాళం ఉంది!

మా ఊరి మలేరియా ఆయన మళ్ళీ వచ్చినప్పుడు నిలదీశాను.

"తాళమేసుకుని పోతే ఏం చెయ్యనమ్మా? మాత్రలు తాళానికి మింగించనా?"

"మరి టిక్కులెవరికి పెట్టారు?"

"ఖాళీగా ఉంచితే పైన మమ్మల్ని తిడతారు."

"సరే, ఆ మాత్రలు ఇప్పుడివ్వండి."

"ఇచ్చినట్టు రాసేశాం గదా. మళ్ళీ రక్తం తీసి పంపాలి" అంటూ సూది తీశాడు.

అమ్మకు అప్పుడు జ్వరం లేదు. ఆ రక్తంలో మలేరియా లేదని కబురొచ్చింది, రెండో మందు ఇవ్వలేదు. మలేరియా ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అక్కడి పెద్దాయన రిజిస్టరు తిప్పి, "ఐదు రోజులూ మింగినట్టుంది గదమ్మా, చదువుకున్నదానివి, నీకూ చెప్పాలా?" అన్నాడు. ఆ రిజిస్టరు ఆయన మొహాన కొట్టాలనిపించింది. నమస్కారం పెట్టి బయటికొచ్చాను. నా చదువు ఆ రోజు ఆ నమస్కారానికే పనికొచ్చింది.

ఆ ఏడు చివర, క్రిస్మస్ వారం ఉందనగా అమ్మ ఇంటికి సున్నం వేయడం మొదలుపెట్టింది. నేను చర్చి నుంచి వచ్చేసరికి ముందు గోడ సగం తెల్లబడింది. అమ్మ కుంచె పట్టుకుని, తేదీనీ టిక్కులనూ తాకకుండా వాటి చుట్టూ జాగ్రత్తగా సున్నం పూస్తోంది. చెయ్యి వణుకుతోంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నుదురు తాకితే నా చెయ్యి కాలింది.

"వాటినెందుకే వదిలేశావ్?" అన్నాను.

"సర్కారు రాత గదే. చెరిపితే మందియ్యరేమో."

కుంచె లాక్కుని ఆ ఐదు టిక్కుల మీద సున్నం కుమ్మరించాను. ఒక పూత కాదు, మూడు పూతలు వేశాను. అమ్మ వద్దు వద్దంటూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

తెల్లారి లేచి చూస్తే సున్నం ఆరింది. దాని అడుగు నుంచి గేరు ఎర్రగా పైకి తేలి, ఐదు టిక్కులూ కనబడుతున్నాయి. లోపల మంచం మీద రెండు దుప్పట్ల కింద అమ్మ వణుకుతూనే ఉంది.