ఏడు వందల గ్రాములు

భూమి బరువెంతో కచ్చితంగా చెప్పగల మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు, ఆయన మా తాత. పెద్ద పెద్ద చదువులవాళ్లు చెప్పేదంతా ఉజ్జాయింపు. భూమిని పెట్టేంత పళ్లెం దొరకలేదు గాని, దొరికితే తాత లెక్కలో వంద గ్రాములు కూడా అటూ ఇటూ కావు.

తాతది కాటాల రిపేరు. కూరగాయల కొట్లో త్రాసు మొదలుకొని లారీలెక్కే తూకం దాకా, ఎక్కడ ముల్లు సున్నా దగ్గర నిలవకపోయినా ఆయన్నే పిలుస్తారు. బజార్లో ఆయన్ని గ్రాములాయన అంటారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు వందల గ్రాముల ఇత్తడి రాయి, ఒక పొట్టి స్క్రూడ్రైవరు ఉంటాయి. ఆ బరువుకి ఆయన చొక్కాలన్నీ ఎడమవైపు కిందికి సాగిపోయాయి. నేను పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్లు చెప్పిన బరువు నమ్మక, నన్ను కొట్టుకి ఎత్తుకెళ్లి మళ్లీ తూచాడట. నలభై గ్రాములు తక్కువొచ్చానని నర్సుతో పోట్లాట కూడా పెట్టుకున్నాడు. తొమ్మిదో తరగతి లెక్కల్లో నేను రెండోసారి తప్పి, పేపరు దిద్దినవాళ్ల మీద పడి ఏడిస్తే, "తూకం సరిగ్గానే ఉందే, సరుకే తక్కువ" అన్నాడు. నా చదువు అక్కడితో సరి.

తాతకి ఒక తమ్ముడు ఉండేవాడు, మా చిన్నతాత. అదే కొట్లో, తాత చేతికిందే పని నేర్చుకున్నాడు. ఇనప తూకపురాళ్ల అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి బరువు సరిచేస్తారు. ఒక కిరాణా కొట్టాయన మాట విని చిన్నతాత ఒక కిలో రాయి అడుగునుంచి యాభై గ్రాముల సీసం తవ్వేశాడు. తాత రాయిని చేత్తో ఎత్తి చూసే పట్టేశాడు. ఆ సాయంత్రమే తమ్ముణ్ణి పనిలోంచీ ఇంట్లోంచీ పంపేశాడు. చిన్నతాత ఓడలో వంటవాడిగా చేరి, తిరిగి తిరిగి ఎక్కడో పరాయి రేవులో ఉండిపోయాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. ముప్పై ఒక్క ఏళ్లు అన్నదమ్ములకి మాటల్లేవు. మాకు మాత్రం ఫోన్ చేసేవాడు. తాతకిమ్మంటావా అంటే, "వద్దులేవే, నా గొంతు కూడా తూస్తాడు" అని నవ్వేవాడు.

కిందటేడు ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. "అన్నని ఒకసారి చూడాలనుందే" అన్నాడు. నేను ఆ మాట చెప్పగానే తాత కొట్టు మూసేసి పాస్‌పోర్టు కోసం ఫొటో దిగడానికి వెళ్లాడు. కాగితాలన్నీ చేతికొచ్చేసరికి మూడు నెలలు పట్టింది. అక్కడ ఎన్నాళ్లుండాల్సొస్తుందో తెలియక, నలభై రోజులకి సరిపడా బట్టలు సర్దాం. ఆయనకి బోర్డులు చదవడం రాదు కాబట్టి తోడు నేను. బయల్దేరే ముందురోజు ఆ ఆసుపత్రి డాక్టరు ఫోన్ చేసి, గట్టిగా రెండు రోజులు, రేపటికి వచ్చేయండి అన్నాడు.

"చెప్పాలనుకున్నది ఫోన్‌లో చెప్పెయ్ తాతా," అన్నాను.

"మొహం చూడకుండా చెప్పేది మాట కాదే."

"ఇంతకీ ఏం చెప్తావు?"

జేబులోంచి ఇత్తడి రాయి తీసి తుడిచాడు. "యాభై గ్రాములకి ముప్పై ఏళ్లు ఎక్కువ వేశాన్రా అని."

మా విమానం పొద్దున్న ఎనిమిదింటికి. తెల్లవారుతుండగా విమానాశ్రయం చేరాం. మనిషికి ఒక పెట్టె, పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదు. తాత రెండు పెట్టెల్నీ కొట్లో మూడేసిసార్లు తూచి, ఇరవై రెండు కిలోల తొమ్మిది వందల దగ్గర తాడు బిగించాడు. కౌంటర్ దగ్గర నా పెట్టె పెట్టగానే ఎర్ర అంకెలు ఇరవై మూడున్నర దాటాయి.

"ఆరు వందలు ఎక్కువుంది తాతగారూ," అంది కౌంటర్‌లో అమ్మాయి. "రెండు చొక్కాలు తీసి చేతిసంచిలో పెట్టుకోండి, సరిపోతుంది."

"ఎక్కువున్నది పెట్టె కాదమ్మా, మీ కాటా."

"తాతా, తీసేద్దాం, నాకు చొక్కాలేం బరువు కాదు," అని నేను తాడు విప్పబోయాను.

తాత నా చెయ్యి పక్కకి తోసి పెట్టెని కిందికి దింపాడు. పళ్లెం మీద ఇంకేమీ లేదు. అంకెలు మాత్రం సున్నాకి రాలేదు. ఏడు వందల గ్రాముల దగ్గర నిలబడిపోయాయి.

"చూశావా? ఖాళీ పళ్లెం ఏడు వందలు తూగుతోంది. పొద్దున్నించీ ఎంతమంది చేత బట్టలు తీయించావో!"

"మెకానిక్‌కి చెప్తాం సార్. మీ పెట్టెని అలాగే పంపించేస్తాను, సరేనా? వెళ్లండి."

నేను చెప్పేది ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఆ పిల్ల పంపించేస్తానంది. మేం వెళ్లిపోవచ్చు. నేను తాత మోచెయ్యి పట్టుకుని లాగాను కూడా.

"తాతా, చిన్నతాత!"

"ఒక్క నిమిషమే. వెనకాల అంతమంది ఉన్నారు," అంటూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు తీసి పళ్లెం అంచు కింద దూర్చి పైకెత్తాడు. ఎక్కడో గంట మోగింది. పెట్టెల్ని మోసుకెళ్లే పట్టీ ఆగిపోయింది. అటూ ఇటూ నాలుగు కౌంటర్లు ఆగిపోయాయి. తాత అదేమీ వినలేదు. పళ్లెం సందులోంచి వేళ్లతో ఏదో లాగాడు. బొమ్మకారు తాలూకు రబ్బరు చక్రం, మడతలుపడ్డ కాగితం చీటీలు నాలుగు. అంకెలు సున్నాకొచ్చాయి.

"అదీ," అన్నాడు. అప్పటికే ఇద్దరు ఆయన చంకల కింద చేతులేసి లేపారు.

మమ్మల్ని కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. మీసాల ఆఫీసరు ఒకడు ఇత్తడి రాయిని బల్లమీద పెట్టి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"ఇదేంటి?"

"రెండు వందల గ్రాములు బాబూ."

"బరువు కాదు, ఏంటిదని అడుగుతున్నా."

"అదే చెప్తున్నా."

"ముసలాయనా, వేళాకోళంగా ఉందా? యంత్రం విప్పమని నీకెవరు చెప్పారు?"

"తప్పు తూస్తోంది బాబూ."

"తూస్తే నీకేంటి?"

ఆ ప్రశ్న ఆయన్ని అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. నేను డాక్టరు పంపిన కాగితం చూపించాను, బతిమాలాను, ఏడ్చాను. రాయిని ఏదో యంత్రంలో పెట్టి చూడాలన్నారు. ఆ యంత్రం దగ్గరి మనిషి ఇంకా డ్యూటీకి రాలేదన్నారు. గోడ గడియారం ఎనిమిది దాటింది. తాత దానివంక ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. తొమ్మిదింటికి సంతకం పెట్టించుకుని వదిలేశారు. రాయీ స్క్రూడ్రైవరూ వాళ్లే ఉంచుకున్నారు. తర్వాతి విమానం మర్నాడు పొద్దున్నే.

దగ్గర్లో ఒక లాడ్జీలో గది తీసుకున్నాం. తాత మంచం అంచున కూర్చుని, పెట్టెల తాళ్లు విప్పడం, మళ్లీ కట్టడం. జేబులో రాయి లేక, ఆయన చొక్కా నాకు తెలిసి మొదటిసారి రెండువైపులా సమంగా వేలాడింది. అన్నం తెస్తే ముట్టలేదు. ఫోన్‌లో అయినా మాట్లాడమని ఎంతో చెప్పాను. మధ్యాహ్నం ఒకసారి అందుకున్నాడు. అవతల నర్సు చిన్నతాత చెవి దగ్గర ఫోన్ పెట్టింది.

"ఒరే," అన్నాడు తాత. "రేపొస్తాన్రా," అని నాకిచ్చేశాడు.

రాత్రి మళ్లీ నర్సు చేసింది. చిన్నతాత పోయాడు.

మర్నాడు వెళ్లాం. అక్కడ చేయాల్సినవన్నీ చేశాం, చిన్నతాత గది ఖాళీ చేశాం, సర్దిన బట్టలన్నీ వాడుకున్నాం. ఆ నలభై రోజుల్లో ఆ మొదటి రోజంత పొడుగు రోజు ఇంకొకటి లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆ విమానం అందినా పెద్ద తేడా ఉండేది కాదు. ఆసుపత్రికి చేరేసరికి మిగిలేది మహా అయితే అరగంట. అప్పటికి చిన్నతాతకి స్పృహ కూడా లేదట.

ఇంతవరకూ రాసి, కొట్లో కూర్చుని తాతకి చదివి వినిపించాను. ఇప్పుడాయన జేబులో కొత్త రాయి ఉంది, చొక్కా మళ్లీ ఎడమవైపు సాగుతోంది. భూమి బరువు దగ్గర నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. చివరిదాకా విని, ఎదురుగా ఉన్న త్రాసు ముల్లు వంకే చూస్తూ అన్నాడు:

"మనం చేరాల్సింది మధ్యాహ్నం మూడింటికి, వాడు పోయింది రాత్రి ఎనిమిదింటికి. ఐదు గంటలు. స్పృహ కూడా ఉంది. కాటా మీంచి వేలు తియ్యవే, దిద్దు."