వణకని చెంచా కోసం

పేపర్లో ఆ వార్త ముందుగా చూసింది అక్కే. సికింద్రాబాదులో ‘రేపటి ఇల్లు’ అనే ప్రదర్శన పెట్టారనీ, రాబోయే రోజుల్లో మనం వాడబోయే వింత పరికరాలన్నీ అక్కడ చూడొచ్చనీ రాశారు. అడుగున చెంచా బొమ్మ ఒకటి వేశారు. పట్టుకున్న చేయి ఎంత వణికినా ఆ చెంచా వణకదట. ‘వణికే చేతులకు వరం’ అని దాని కింద పెద్దక్షరాలతో రాశారు. అక్క ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. మూడో రోజు, “ఎస్తేరూ, నీకు సెలవు దొరుకుతుందా?” అని అడిగింది.

మా సుగుణక్క నాకన్నా పెద్దది. గుంటూరులో మా చర్చిలో ఏళ్ల తరబడి ఆర్గన్ వాయించింది. బావ పోయాక నా దగ్గరే ఉంటోంది. ఆమె చేతులకు వణుకు వచ్చింది. ఊరికే కూర్చుంటే ఏమీ ఉండదు. ఏదైనా పట్టుకుని పైకెత్తితే మొదలవుతుంది. నోటి దగ్గరికి వచ్చేసరికి ముద్ద చెదిరిపోతుంది. ప్రాణానికేం భయం లేదని డాక్టరు చెప్పాడు. మందులు కొన్నాళ్లు పనిచేసి మానేశాయి. ఆర్గన్ మానేసింది, తర్వాత విందులకు రావడం మానేసింది. చివరికి తలుపు వేసుకుని నేను తినిపిస్తే తప్ప తినని స్థితికి వచ్చింది. అలాంటి మనిషి తనంతట తాను ప్రయాణం మాట ఎత్తితే, స్కూల్లో పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పుకునే నేను సెలవు దొరకదని ఎలా అంటాను? రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులవి. రాజధానిలో పెట్టిన ప్రదర్శన అంటే పెద్ద గొప్పగానే ఉండేది.

గుంటూరులో తెల్లవారుజామున బయలుదేరే రైలెక్కాం. ఛార్జీ తక్కువ, కూర్చునే సీట్లు, కిటికీ దొరికింది. పిడుగురాళ్ల దాటేసరికి సున్నపు బట్టీల పొగ లోపలికి వచ్చింది. అప్పుడే ఇడ్లీలు, వడలు అమ్మేవాళ్లు ఎక్కారు. నేను రెండు పొట్లాలు తీసుకున్నాను. అక్క తన చేతుల్ని పైట కింద దాచుకుని, ఆకలి లేదంది. టీ కూడా వద్దంది. కృష్ణ దాటుతున్నప్పుడు మాత్రం కిటికీ లోంచి చాలాసేపు చూసింది.

నడికుడిలో ఎక్కిన ఒకాయన సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా. మేము వెళ్లే చోటు చెప్పగానే, మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి వచ్చానన్నాడు. “బానే ఉంటదండీ, చల్లగా ఏసీలు పెట్టారు. కొనడానికి మాత్రం ఏం లేదు, చూడ్డమే,” అన్నాడు. ఆయనకి సరిగా తెలిసి ఉండదులే అనుకున్నాను. అక్క వినిపించుకోనట్టే కూర్చుంది.

పదకొండు దాటాక సికింద్రాబాదులో దిగాం. స్టేషను దగ్గరే మా చర్చివాళ్ల అతిథి గృహం ఒకటి ఉంది. గది సాయంత్రానికి గాని ఖాళీ కాదన్నారు. సంచి అక్కడే వదిలి ఆటో పిలిచాం. ఎక్కడికని అడిగి, విని, డ్రైవరు నవ్వాడు. “ఏమున్నదమ్మా ఆడ? నిన్న సుత నలుగురిని దింపిన. బయటికొచ్చి, హోటల్ యాడుందని అడిగిండ్రు,” అన్నాడు.

ప్రదర్శన ఒక పెద్ద ఫంక్షన్ హాల్లో పెట్టారు. గుమ్మం దగ్గర టికెట్టు, లోపల చలి. అలాంటి ప్రదర్శనలకు వెళ్లాలనుకునే వాళ్ల కోసం చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మొదట కనిపించింది ఒక గొడుగు. వాన వచ్చేలా ఉంటే దాని పిడి నీలంగా వెలుగుతుందట. తల ఎత్తి మబ్బు చూసే కష్టం తప్పుతుందన్నమాట. పక్కన కుక్కరు. విజిల్ వేయగానే యజమానురాలి సెల్‌ఫోనుకు కబురు పంపుతుంది. విజిల్ కనిపెట్టింది కబురు పంపడానికే కదా అని అడిగితే, అక్కడున్న అమ్మాయి నా వయసు చూసి జాలిగా నవ్వింది. ముఖం చూసుకుంటే “ఈ రోజు మీరు అలసిపోయి ఉన్నారు” అని చెప్పే అద్దం ఒకటి. ఆ మాట నాకు హెడ్‌మాస్టరు రోజూ చెబుతాడు. గోడకి తగిలించిన కిటికీలో సముద్రం కదులుతోంది. అలల చప్పుడు కూడా పెట్టారు. అసలు కిటికీలకు నల్ల తెరలు కట్టేశారు.

చక్రాల మీద మనిషి వెనకే వచ్చే కూరగాయల బుట్ట చుట్టూ చాలామంది చేరారు. నున్నటి తివాచీ మీద ఒక కుర్రాడు నడుస్తుంటే అది బుద్ధిగా వెంట తిరుగుతోంది. దాన్ని పొద్దున్నే మోండా మార్కెట్లో వదలాలి. కుళ్లిన క్యాబేజీ ఆకులు, బురద, బస్తాలు మోసే హమాలీలు, అడ్డం పడుకున్న ఎద్దు. పది అడుగులు వేస్తే నేను టికెట్టు మళ్లీ కొంటాను. ప్రతి వస్తువు ముందూ ‘కాన్సెప్ట్’ అని పలక పెట్టారు. ఎప్పుడు దొరుకుతుందని ఎక్కడ అడిగినా ఒకటే జవాబు, “రాబోయే కాలంలో మేడం.”

ఇంతలో కరెంటు పోయింది. రేపటి ఇల్లు మొత్తం చీకటైంది. సముద్రం ఆగిపోయింది, బుట్ట నిలబడిపోయింది. జనరేటరు మొదలయ్యేదాకా అందరం ఇవాళ్టి చీకట్లోనే ఉక్కపోతతో నిలబడ్డాం. అక్క మాత్రం నా మోచేయి పట్టుకుని, “చెంచా ఎక్కడో కనుక్కో,” అంది.

చెంచా చివరి వరసలో ఉంది. గాజు పెట్టెలో, కింద ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద పడుకోబెట్టారు. దాని పక్కన బల్ల, బల్ల మీద గిన్నెలో సూపు. మైకు పట్టుకున్న ఒకాయన ఇంగ్లీషూ తెలుగూ కలిపి మాట్లాడుతున్నాడు. ఇంకో కుర్రాడు సన్నగా, గడ్డంతో, మెడలో సమీర్ అని రాసిన కార్డుతో నిలబడ్డాడు. మైకాయన చెప్పగానే సమీర్ గిన్నె ముందు కూర్చుని మామూలు చెంచా తీసుకుని చేయి ఊపడం మొదలుపెట్టాడు. భుజం నుంచి వేళ్ల దాకా, తల కూడా కలిపి ఊపాడు. సూపు బల్లంతా చిందింది. జనం నవ్వారు. ఒకామె తన పాపను బాగా కనిపించేలా ఎత్తుకుంది. తర్వాత గాజు పెట్టె లోంచి రెండో చెంచా తీశాడు. ఈసారి చేయి కాస్త తగ్గించి ఊపాడు. సూపు చిందలేదు. చప్పట్లు కొట్టారు.

నేను అక్క ముఖం చూడలేకపోయాను. వెళ్లిపోదామని చేయి పట్టుకున్నాను. అక్క వదిలించుకుని ముందుకు నడిచింది. రెండేళ్లుగా బయటివాళ్ల ముందు పైట కింద నుంచి తీయని కుడిచేయి తీసి బల్ల మీద పెట్టింది.

“బాబూ, వణుకు అట్లా ఉండదు,” అంది. “ఆ చెంచా ఇటివ్వు.”

మైకాయన, శాంపిల్ ముట్టుకోకూడదని మర్యాదగానే చెప్పాడు. గుంటూరు నుంచి దీనికోసమే వచ్చామని నేను గట్టిగా చెప్పాను. పేపర్లో వరం అని రాసింది వాళ్లే కదా, ఆ వరం ఇచ్చి చూపించమన్నాను. జనంలో ఒకరిద్దరు అవునవునన్నారు. సమీర్ అక్క చేతినే చూస్తున్నాడు. మైకాయన వద్దని తల ఊపుతున్నా చెంచా తెచ్చి ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. అక్క సూపులో ముంచి పైకెత్తింది. సగం దూరం బాగానే వచ్చింది. ఆ తర్వాత చేయి వణికింది, చేతితో పాటు చెంచా వణికింది, సూపంతా సమీర్ చొక్కా మీద పడింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“లోపల ఏం లేదమ్మా,” అన్నాడు సమీర్ నెమ్మదిగా. “ఉత్త ప్లాస్టిక్. మోటర్ ఇంకా పెట్టలే. ఐడియా ఒక్కటే ఉంది.”

మైకాయన వెంటనే జనాన్ని మాట్లాడే గోడ గడియారం వైపు నడిపించాడు. నేను నోటికొచ్చిందల్లా అనేశాను. బొమ్మ చెంచాను మఖ్మల్ మీద పడుకోబెట్టి, మనిషి జబ్బును వెక్కిరించి చప్పట్లు కొట్టించుకునే చదువు ఏ కాలేజీలో చెబుతారని అడిగాను. అతను తల వంచుకుని విన్నాడు. అక్క చెంచాను తన పైటకొంగుతో తుడిచి మఖ్మల్ మీద సరిగ్గా పెట్టింది. అది చూసి నాకు ఇంకా మండింది.

గేటు దాకా వచ్చామో లేదో వెనక నుంచి పిలుపు. సమీర్ ఆ మరకల చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆ చెంచా బొమ్మ గీసింది తనేనట. డిజైను చదివాడు, వాళ్ల ఇల్లు అల్వాల్‌లో. వణికే చేతిని దగ్గర నుంచి ఇంతవరకు చూడలేదని, ఏసీ గదిలో కూర్చుని వీడియోలు చూసి గీశామని తనే చెప్పాడు.

“జెర తక్లీఫ్ అనుకోకపోతే ఒకటి అడుగుతా అమ్మా,” అన్నాడు. “మీరు అన్నం తింటుంటే చూడొచ్చా?”

లోపల ఆడిన నాటకం చాలలేదా అని నేను విరుచుకుపడ్డాను. తెల్లవారుజాము నుంచి ఆ మనిషి మంచినీళ్లు కూడా తాగలేదని చెప్పాను. అక్క నన్ను ఆగమంది. అతన్ని తేరిపార చూసింది.

“నాకు ఆకలేస్తోంది,” అంది. “మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది?”

క్లాక్ టవరు దగ్గర ఒక మెస్సుకి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం భోజనాలు ఇంకా నడుస్తున్నాయి. లోపల కర్టెన్లు కట్టిన ఫ్యామిలీ గదులున్నాయి. నేను అటు నడవబోతే అక్క హాలు మధ్యలో ఉన్న బల్ల దగ్గర కూర్చుంది. అన్నం, ముద్దపప్పు, గోంగూర, చారు వచ్చాయి. సమీర్ తన పళ్లెం పక్కకి జరిపి, సర్వరునడిగి స్పూను తెప్పించాడు. అక్క దాన్ని చూసి మొదటిసారి నవ్వింది.

“మా ఇంట్లో అన్నం చేత్తో తింటాం బాబూ. మీ ఇంట్లో?”

“మేము సుత చేత్తోనే,” అన్నాడతను. అని, ఆ స్పూనును తిప్పి చూసి సర్వరుకి తిరిగి ఇచ్చేశాడు. చెంచా గీసేటప్పుడు ఈ సంగతి వాళ్లలో ఒక్కరికీ తట్టలేదట.

అక్క పప్పు కలిపింది. ముద్ద ఎత్తింది. అది నోటికి చేరేలోపు సగం బల్ల మీద, కొంత ఒళ్లో పడింది. రెండో ముద్దకి తలే కిందికి వంచింది. పక్క బల్ల మీద ఒకాయన తినడం ఆపి చూస్తున్నాడు. అక్క అతని వైపు తిరిగి చూసింది. అతను తన పళ్లెంలోకి చూసుకున్నాడు. నేను అలవాటుగా ఆమె పళ్లెంలోకి చేయి పెట్టబోయాను. “నువ్వు తిను,” అంది. సమీర్ మొహమాటపడకుండా, జాలిపడకుండా చూశాడు. ఎక్కడ వణుకు మొదలవుతుందో, మోచేయి బల్లకి ఆనిస్తే తగ్గుతుందో లేదో అడిగాడు. అక్క ఆనించి చూపించింది. చారు రెండుసార్లు పోయించుకుంది. ఆమె అంత తినడం చూసి నాకు చాలా కాలమైంది.

బయటికి వచ్చాక, తప్పకుండా ఏదో ఒకటి చేస్తానమ్మా అన్నాడు. “చెయ్యి,” అంది అక్క. “కానీ పేపర్లో ముందే వేయించకు.”

ఆ రాత్రి అతిథి గృహంలో దోమలు తప్ప ఇబ్బంది లేదు. మర్నాడు మధ్యాహ్నం రైలుకి తిరుగు ప్రయాణమయ్యాం. అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. తీరిక ఉండి, చలిగాలి కావాలనుకుంటే అలాంటి ప్రదర్శనలకు వెళ్లండి. అవసరం ఉంటే మాత్రం వెళ్లకండి. అక్కడ అవసరాలు కూడా వాళ్లే తయారు చేసుకుంటారు, మనవి కావవి. సమీర్ తర్వాత ఏం చేశాడో తెలియదు. అతను చెడ్డవాడని మాత్రం అనలేను.

బీబీనగర్ దాటాక ఎదుటి సీట్లో నల్లగొండ వెళ్లే ఒకామె టిఫిన్ డబ్బా విప్పింది. పులిహోర. ఆకు మీద పెట్టి మా ఇద్దరికీ ఇచ్చింది. అక్క అందుకుంది. ఒడిలో కొన్ని మెతుకులు, సీటు మీద కొన్ని రాలాయి.

“చేతులకేమైందమ్మా?” అని అడిగిందామె.

“వణుకు. తినేటప్పుడు వస్తుంది,” అంది అక్క, మీది ఏ ఊరని అడిగితే గుంటూరని చెప్పినంత మామూలుగా. చెప్పి, పులిహోర బాగుందని ఇంకొంచెం పెట్టించుకుంది.