మిరపసాళ్లలో అన్నమ్మ పాటలు

మిరపకాయలు కోయడానికి వెళ్లే రాహేలు ముఠా ఆటో ఎక్కిందంటే, ఏ కాలపు సినిమా పాటలు గొప్పవన్న తగాదా కూడా వాళ్లతోపాటు ఎక్కినట్టే. ఊరి బోరింగు దాటకముందే మొదలవుతుంది. వాళ్లు ఏళ్ల లెక్కలు చెప్పరు. అందరికన్నా పెద్దదైన, రాహేలుకు వరసకు అత్తయ్యే అన్నమ్మది టూరింగు టాకీసు కాలం. ముఠాను నడిపే రాహేలుది టేపురికార్డరు కాలం. రాహేలు కోడలు ఫెబీది సెల్లు కాలం. పెద్దారవీడు బస్టాండు దగ్గర నాకొక సెల్లు రిపేరు దుకాణం ఉంది. వాళ్ల మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించేది నేనే కాబట్టి, ఆ కాలాలను డెబ్బైలు, తొంభైలు, ఇప్పటివి అని తర్జుమా చేసుకునే పని కూడా నాదే.

“మీ పాటల్లో పాట యాడుందే? అంతా దరువేనాయె. ఉడుకునీళ్లల్లో కోడి పడినట్టు,” అంటుంది అన్నమ్మ.

“మీ హీరో చెట్టు చుట్టూ తిరిగొచ్చే లోపల నేను ఒక సాలు కోసేస్తా అవ్వా,” అంటుంది ఫెబీ.

“మధ్యలో నన్ను నలపబాకండి తల్లీ. ఇద్దరికీ పనికొచ్చేవి మా కాలంవే,” అని రాహేలు తన వంతు తాను చూసుకుంటుంది.

సినిమా పాటలేమిటని ఒకసారి చర్చి పెద్ద ఒకాయన మందలించబోతే అన్నమ్మ తడుముకోలేదు. “ఆదివారం పాటలు ప్రభువుకు. సోమవారం నుంచి శనివారం దాకా మిరపకాయకు,” అంది. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడట.

ఆమె పాటల మీద నాకు అప్పటినుంచీ మోజు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో భర్త ఇమ్మానుయేలుతో కలిసి పొదిలి రోడ్డు పక్కన వేసిన డేరా సినిమాకు నడిచి వెళ్లేదట. నేల టికెట్టు. ఇసుకను కుప్పగా పోసుకుని దానిమీద కూర్చుంటే ముందువాళ్ల తలలు అడ్డం రావు. ఇమ్మానుయేలు ఆమె కోసం అందరికన్నా ఎత్తు కుప్ప చేసేవాడు. వెనకవాళ్లు తిట్టేవాళ్లు. “పాట వచ్చినప్పుడు మాత్రం ఎవురూ తిట్టేవోళ్లు కాదు నాయనా. ఆ పాటల్లో మాటకూ మాటకూ నడుమ ఇంత చోటుండేది. ఆ చోట్లో మనం ఊపిరి తీసుకుంటా ఉంటిమి,” అని చేతులు చాచి ఆ చోటు కొలత చూపించేది. నేనైతే ఆ కొలతనే చూస్తూ ఉండిపోయేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఒక్కతే దుకాణానికి వచ్చింది. పనికి పోలేదేమని అడిగేలోపే మెల్లగా అంది: “నాయనా హరికృష్ణా, కొత్త పాటల్నే కొంచెం నిదానంగా నడిపించే మిషను ఏమన్నా ఉంటదా నీకాడ?”

నవ్వొచ్చింది నాకు. ఫెబీకి ఇష్టమైన పాట ఒకటి తీసి, వేగం తగ్గించి వినిపించాను. పాడే అమ్మాయి గొంతు జ్వరం పడ్డ మగమనిషి గొంతులా సాగింది. అన్నమ్మ చెవులు మూసుకుంది.

“ఆపు నాయనా, ఆపు. పాపం, ఆ పిల్లకేందో అయినట్టుంది.”

ఇద్దరం నవ్వుకున్నాక, ఎందుకు పెద్దమ్మా అని అడిగాను. ఆమె తన వేళ్లు చూసుకుంది. కాయ ఘాటుకు ఎర్రబారి, కణుపుల దగ్గర వంగిపోయి ఉన్నాయి.

మిరపచేలో మనిషికొక సాలు, అంటే ఒక మొక్కల వరస. అందరూ ఒక గట్టు నుంచి బయలుదేరి అవతలి గట్టుకు కోసుకుంటూ పోవాలి. ముందు చేరినవాళ్లు వెనకబడినవాళ్ల సాలులోకి అవతలి నుంచి దిగి ఎదురు కోసుకొస్తారు. సాయమే అది. కానీ తన సాలులో ఇంకొకరు ఎదురుపడటం కోతమనిషికి చిన్నతనం. ఇక ముఠా చేతులు ఎంత వేగంగా ఆడాలో చెప్పేది గట్టు మీద కర్రకు వేలాడే స్పీకరు. పాట పరుగెత్తితే చేతులూ పరుగెత్తుతాయి.

“మొన్న సాలు మధ్యలో ఫెబీ ఎదురొచ్చింది. నిన్న ఇంకా ముందరే వచ్చింది. పై వారం నుంచి ముఠాలో ఎవురుండాల్నో చూడాల అనింది రాహేలు. నా పక్క చూడకుండా అనింది. అంటే నేనే గదా,” అంది అన్నమ్మ. వేళ్లు ఒళ్లో దాచుకుని, “మా కాలం పాట పెడితే అందరి చేతులూ నా చేతులే అయితాయి నాయనా,” అంది.

అన్నాళ్లుగా ఆటోలో ఆమె ఎందుకంత పట్టుదలగా వాదించేదో అప్పుడు తెలిసింది. మర్నాడు ఆ ముఠా వచ్చేది మా అరెకరం చేనికే. ఒక కొత్త కార్డు నిండా డెబ్బైల పాటలు ఎక్కించి, చేలో స్పీకరుకు అదే పెట్టాను.

“ఏంది హరన్నా, నా పాటలేమైనాయి?” అని పొద్దున్నే ఫెబీ స్పీకరు పట్టుకుని పేచీ పెట్టింది.

“ఈ పొద్దుకు మా చేను, మా పాటలు,” అన్నాను.

మొదటి పాట మొదలైంది. ముందు వేణువు, ఆపైన ఎక్కడినుంచో నడుచుకుంటూ వచ్చినట్టు ఒక గొంతు. నల్లమల కొండలు పొగమంచులో నీలంగా తేలుతున్నాయి. ఎర్రటి కాయల నడుమ చేతులు నీళ్లలో ఆడుతున్నట్టు ఆడసాగాయి. పల్లవి అయి చరణం మొదలయ్యే చోట ముఠా ముఠా అంతా ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలేది. ఫెబీ కూడా కాయ పట్టుకుని తుంచడం మరిచి కొండలకేసి చూస్తూ నిలబడింది. ఎవరూ ముందు లేరు, ఎవరూ వెనక లేరు. ఆ వరుస మధ్యలో అన్నమ్మ కూనిరాగం తీస్తూ కదులుతోంది. ఆమె సాలులోకి ఎవరూ ఎదురు రాలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. చేను మాత్రం సగం కూడా కాలేదు.

తుమ్మచెట్టు కింద సంగటి గిన్నెలు విప్పారు. రాహేలు ముద్ద చేతిలో పట్టుకుని తినకుండా కూర్చుంది.

“అత్తా, నువ్వు చేసేది నాకు తెలవదనుకుంటివా? నీ పాటకు నా చెయ్యి కూడా తూగినాది. బాగుండె. అబద్ధమెందుకు. కానీ ఇట్ల కోస్తే రేపు మనల్ని ఏ రైతూ పిలవడు.”

అన్నమ్మ గిన్నె మూత పెట్టింది. “అయితే నన్ను రావద్దంటావా? మొగాన చెప్పు.”

అందరూ తలలు వంచుకుని తింటున్నారు. రాహేలు చేనికి అవతల ఉన్న మా కల్లం వైపు చూసింది. మొదటి కోత కాయలు అక్కడ ఎర్రటి దుప్పటిలా ఎండుతున్నాయి. వాటిలో తెల్లబారిన తాలు కాయలు ఏరకపోతే మిర్చి యార్డులో ధర పలకదు.

“హరీ, మీ కల్లంలో తాలు ఏరేదెవరు?”

“ఎవరూ లేరక్కా. మా అమ్మ మోకాళ్లు పట్టుకుపోయినాయి.”

“అత్త ఏరతాది. కూలి అందరితో సమానం. ఇకమీద యాడ కూలి మాట్లాడినా, కల్లానికి ఒక మనిషి అని చెప్పే మాట్లాడతా.”

నేను సరేనన్నాను. అన్నమ్మకు మాత్రం రోషం వచ్చింది. “నన్ను కాకులు తోలేదానికి కూర్చోబెడతావా?”

“కాకులకు నీ పాటలంటేనే ఇష్టమంట అవ్వా,” అంది ఫెబీ.

ముఠా గొల్లున నవ్వింది. అన్నమ్మ కూడా నవ్వబోయి ఆపుకుంది. కొంగు తలమీద వేసుకుని గట్టు మీదుగా కల్లం వైపు నడిచింది.

ఫెబీ తన కార్డు పెట్టింది. దరువు దుమ్ము లేపింది. చేతులు పరుగందుకున్నాయి. సాయంత్రానికి అవతలి గట్టు కనబడేలా ఉంది.

ముఠా కోసిన కాయల గంప మోసుకుని నేను కల్లానికి వెళ్లేసరికి, అన్నమ్మ చేనికి వీపు పెట్టి కూర్చుని ఉంది. ముందర తెల్లకాయల చిన్న కుప్ప. చేతిలో ఒక కాయ. చెయ్యి ఆగి ఉంది. చేనికీ కల్లానికీ నడుమ ఎండ అలలు అలలుగా కదులుతోంది. స్పీకరులో మోగే దరువంతా ఆ ఎండలో ఎక్కడో ఇంకిపోయి, పాడే అమ్మాయి గొంతు ఒక్కటే, సన్నగా, ఎవరో నిద్రలో పిలిచినట్టు వస్తోంది.

“ఇది ఎవరి కాలంది?” అని అడిగింది నా వైపు తిరగకుండానే.

“ఫెబీ కాలందే పెద్దమ్మా.”

“కాదులే.”

“ఆమె కార్డే. ఇప్పుడే పెట్టింది.”

మళ్లీ విన్నది. పాట అయిపోయేదాకా కాయ కింద పెట్టలేదు. తర్వాత దాన్ని తెల్లకాయల్లోకి విసిరి, ఇంకొకటి తీసుకుంది.

“మంచివి మా కాలంవే. దాంట్లో అనుమానమేం లేదు,” అంది. నేను ఖాళీ గంప ఎత్తుకుని నాలుగడుగులు వేశానో లేదో, వెనక నుంచి పిలిచింది. “నాయనా! ఆ పాట ఇంకోసారి పెట్టమను. నేను అడిగినానని మాత్రం చెప్పబాక.”