పదకొండు పిట్టల చీటీలు

మా వీధి చివరింటాయన్ని అందరూ చీటీల మావయ్య అంటారు. మ్యూజియంలో చచ్చిన పిట్టల కాళ్లకు చీటీలు కట్టడం ఆయన ఉద్యోగం. ఎక్కడ పట్టారో, ఎప్పుడు పట్టారో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, దారంతో కట్టి, దూది కూరిన పిట్టను సొరుగులో వెల్లకిలా పడుకోబెడతాడు. ముప్పై ఏళ్లలో ఒక్క చీటీ తప్పు పోలేదని పేరు.

రెండేళ్లుగా పరిశోధన చేసే ఒకమ్మాయి ఆ సొరుగుల ముందే కూర్చుంటోంది. ఎక్కడో వేడి దేశపు అడవిలో పెద్ద నది. దానికి ఇటొక చిన్న పిట్ట, అటు దాని పోలికలోదే ఇంకొకటి. ఈ సొరుగుల్లో ఉన్న ఆ పిట్టలు ఒకే జాతో, రెండు జాతులో తేల్చడం ఆమె పని.

"ఎగిరే పిట్టకి నదెంతమ్మా? నాలుగుసార్లు రెక్కలు కొడితే అటు పడదూ?" అన్నాడు మావయ్య మొదట్లో.

"పడదు బాబాయ్. చెట్ల నీడలో పుట్టి పెరిగింది, ఎండలోకి రావాలంటేనే దానికి హడలు. అటువి అటే, ఇటువి ఇటే. వేలవేల ఏళ్లకి రంగు మారిపోతుంది, కూత మారిపోతుంది. చివరికి ఎదురుపడ్డా జోడు కట్టవు. ఒక జాతి రెండైపోయినట్టే."

"మా అన్నదమ్ముల్లాగన్నమాట! మధ్యలో గోడ లేచి పదేళ్లే, పిల్లలు ఎదురుపడితే ఎవరో అనుకుంటారు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

మొన్న మంగళవారం మాత్రం ఆ అమ్మాయి మొహం వాడిపోయి ఉంది.

"మునిగిపోయాను బాబాయ్. ఇటు ఒడ్డున ఉండాల్సిన పసుపు రొమ్ము పిట్టలు మూడింటికి అటు ఒడ్డు చీటీలున్నాయి. అంటే నది దాటుతున్నాయి, కలుస్తున్నాయి. రెండు జాతులు కావు, ఒక్కటే. రేపు మా సారుకి అదే రాసిచ్చేస్తాను. మీ చీటీ ఎప్పుడూ తప్పు పోదు కదా!"

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

పంతొమ్మిదేళ్ల కిందట ఆ సొరుగు చేయి జారింది. పాత దారాలు తెగి పదకొండు చీటీలు నేలమీద చెల్లాచెదురయ్యాయి. అదే సమయానికి వసారాలో పెద్దాఫీసరు చెప్పుల చప్పుడు. చెబితే పేరు పోతుందని, తోచిన కాలికి తోచిన చీటీ కట్టేశాడు. చచ్చిన పిట్ట చాడీ చెబుతుందా అనుకున్నాడు.

ఆ పూట కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏంటి, మీ పిట్టలు గానీ లేచొచ్చాయా?" అంది భార్య. తల వంచుకుని చెప్పాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "రెండేళ్లు ఆ పిల్ల చేత బాబాయ్ అనిపించుకున్నారుగా. బాబాయైనవాడు చెప్తాడు."

పొద్దున్నే వెళ్లి, సొరుగు దగ్గరే నిలబడి, అంతా చెప్పాడు.

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది తల్లీ."

"పంతొమ్మిదేళ్లూనా?"

అరిచినా బాగుండేది. ఆ అమ్మాయి అరవలేదు. పదకొండు తెల్ల చీటీలు ముందుకు జరిపింది. "మీరే రాయండి."

'చీటీ ఊడితే ఊహించి కట్టాను. ఏ ఒడ్డుదో తెలియదు.' కింద సంతకం. పదకొండు సార్లు. ముత్యాల్లాంటి అక్షరాలు మొదటిసారి వంకరపోయాయి. తను పోయాక కూడా ఆ కాళ్లకు అవి వేలాడుతూనే ఉంటాయి.

చివరి ముడి వేసి, బాబాయ్ అన్న పిలుపు కోసం తలెత్తాడు. ఆ అమ్మాయి అప్పటికే పక్క సొరుగు లాగి, మరో పిట్ట రెక్క కొలుచుకుంటోంది.