పై ఊరి కాఫీ నీళ్లు

రిటైరైనా మా నర్సింగ్ కాలేజీవాళ్లు నన్ను వదలరు. ఈ ఉదయం పర్యావరణ ఆరోగ్యం జవాబు పత్రాలు దిద్దమని పంపారు. నీరు ఎలా కలుషితమవుతుందన్న ప్రశ్నకు అందరూ అవే కారణాలు, అదే వరసలో రాశారు. ఆ వరస నేర్పింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. మార్కులు వేస్తుంటే గూడెం కొత్తవీధి అవతల ఒక కొండ ఊళ్లో మేం గడిపిన నాలుగు రోజులు గుర్తొచ్చాయి.

అది కాఫీ పళ్లు కోసే కాలం. పల్లె శిక్షణ కోసం పదిమంది విద్యార్థినులతో స్కూలు వరండాలో దిగాను. ఊరి పిల్లలకు ఒళ్లంతా దురదలు, కడుపునొప్పి. అందరూ తాగేది కొండ మీంచి పారే గెడ్డ నీళ్లే. ఆ నీళ్లు పరీక్ష సీసాలో పట్టి, నల్లబడితే క్రిములున్నట్టని మావాళ్లకు పాఠం చెప్పాను. రెండు రోజులు చూశాం, నల్లబడలేదు. నీళ్లు బాగున్నాయని ఊరికి ప్రకటించాను, కొంచెం గర్వంగానే. ఒక ముసలమ్మ చెంబుతో అవే నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. "బాగుంటే తాగమ్మా. సీసాని ఏటి అడుగుతావు?" అంది. పులిసిపోయిన గంజి వాసన. తాగలేకపోయాను.

మా విద్యార్థినుల్లో ఒకమ్మాయి ఆ కొండలదే. క్లాసులో అన్నిటికీ ముందు చెయ్యెత్తే మనిషి, అక్కడ మాత్రం నోరు విప్పలేదు. ఆ మధ్యాహ్నం అన్నం కలుపుతూ, "మేడమ్, పైనున్న ఊరు మాదే. మా అయ్య కాఫీ పళ్ల తొక్క తీసి గెడ్డలోనే కడుగుతాడు. ఆ నీళ్లే కిందకొస్తన్నాయి" అంది. నా సీసా క్రిముల్నే పట్టగలదు, కాఫీ తొక్కల మురికిని కాదు.

"ముందే చెప్పలేదేం?"

"మా అయ్య కదా మేడమ్."

మర్నాడు ఇద్దరం కొండెక్కాం. దారంతా నేను కూర్చుకున్న ఉపన్యాసం అక్కరకు రాలేదు. తండ్రి ఎదురుగా నిలబడి ఆ అమ్మాయే చెప్పింది. ఆయన తొక్క తీసే మిషను ఆపి, "నర్సు సదువుకి అంపితే నా మీదే తగువు తెత్తన్నావేటే" అన్నాడు. నాకు మాత్రం కూర్చోడానికి పీట వేశాడు.

మేం వచ్చేశాక ఆయన గెడ్డకు దూరంగా గొయ్యి తవ్వి, కడిగిన నీళ్లు అందులోకి మళ్లించాడు. వారానికి కింద వాసన పోయిందనీ, పిల్లల దురదలూ తగ్గుముఖం పట్టాయనీ కబురొచ్చింది. కానీ కూతురితో మాటలు మానేశాడు. సెలవులకు వెళ్లొచ్చి ఆ అమ్మాయి ఆ సంగతి నాకు మామూలుగానే చెప్పింది, కళ్లు మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది. మళ్లీ పళ్లు ఎర్రబడ్డాక ఒకరోజు ఆయనే హాస్టలుకు ఫోన్ చేశాడట. "కొత్త గొయ్యి తవ్వుతన్నాను. ఎక్కడ తవ్వాలో వచ్చి సూపించు" అన్నాడట.

గెడ్డ ఎన్నాళ్లకు తేటపడుతుందో నేను క్లాసులో చెప్పగలిగేదాన్ని. మనుషులకు పట్టే కాలం లెక్క నాకు ఇప్పటికీ తెలియదు.